అసలే లేని నాణేనికి ఆరు లక్షలు

ఫ్యాను ఆపేశారు. కిటికీ తలుపులు వేసి పరదా లాగారు. పెనుకొండ దగ్గర, బెంగళూరు హైవే పక్కన ఉన్న లాడ్జిలో మేడమీది గది అది. రాత్రి పది దాటింది. నేలమీద తెల్ల దుప్పటి పరిచి, దాని నడుమ స్టీలు పళ్ళెం పెట్టారు. పళ్ళెంలో గుప్పెడు బియ్యం.

తెల్ల కోటు వేసుకున్న మనిషి చేతులకు రబ్బరు తొడుగులు బిగించుకున్నాడు. “సెల్‌ఫోన్లన్నీ బయట పెట్టండి. పవర్ తగిలితే పేలిపోతాయి” అన్నాడు. ధర్మవరం నుంచి వచ్చిన నేతగాడు జేబులోంచి ఫోను తీసి బావమరిది చేతికిచ్చాడు. అతను అందరి ఫోన్లూ పట్టుకెళ్ళి వరండాలో పెట్టి వచ్చాడు. ఆ గదిలో జరిగిన దానికి వీడియో లేకపోవడానికి కారణం అదే.

నల్లగుడ్డ విప్పారు. లోపల సీసపు రేకు, రేకు లోపల ఒక రాగి బిళ్ళ. తెల్ల కోటు మనిషి దాన్ని పటకారుతో పట్టుకుని మెల్లగా పళ్ళెం మీదికి దించాడు. జానెడు ఎత్తులో ఏమీ కాలేదు. బెత్తెడు ఎత్తుకు వచ్చేసరికి ఒక గింజ కదిలింది. ఇంకో రెండు గింజలు నిటారుగా లేచి నిలబడ్డాయి. ఇంకాస్త దించగానే పది పదిహేను గింజలు ఎగిరి బిళ్ళకు అతుక్కున్నాయి.

ఎవరో “జై శ్రీరామ్” అన్నారు. నేతగాడు చేతులు జోడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిళ్ళ మీద శ్రీరామ పట్టాభిషేకం ఉంది. వెనక వైపు ‘ఈస్ట్ ఇండియా కంపెనీ’ అని ఇంగ్లీషు అక్షరాలు, ‘హాఫ్ అణా’, దాని కింద 1818.

ఈ కథలోని మనుషుల పేర్లు రాయడం లేదు. మాటలూ దృశ్యాలూ ఈ మోసం ఎక్కడైనా నడిచే తీరును బట్టి పునఃకల్పించినవి. నాణేల సంగతులు, చరిత్ర, చట్టాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

* * *

నేతగాడికి ధర్మవరంలో రెండు మగ్గాలు. ఒకటి సొంతం, ఇంకొకటి షావుకారు పెట్టించింది. పట్టు ధర పెరిగినా చీర ధర పెరగదు. ఒక్కోసారి నెయ్యాల్సిన వార్పు నెల తిరిగినా చేతికి రాదు. పెద్దకూతురి పెళ్ళి కోసం చీటీ పాడి మూడు లక్షలు దాచాడు. భార్య మెడలో, చేతులకు కలిపి ఎనిమిది తులాల బంగారం. వాళ్ళ ఆస్తి అంతే.

బావమరిది హిందూపురంలో చింతపండు మండీలో లెక్కలు రాస్తాడు. ఒక ఆదివారం పొద్దున్నే రైలు దిగి వచ్చాడు. టీ తాగి, అక్క వంటింట్లోకి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

“బావా, ఒక మాట చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. పెనుకొండలో కోటకాడ పునాదులు తీస్తాంటే ఒకాయప్పకు రామటెంకి దొరికిండాది. కంపెనీ కాలంది. 1818.”

“దొరికితే మనకేమొస్తాది రా?”

“బియ్యం లాగుతాది బావా. బెంగళూరులో పార్టీ ఉండాది. ఐదు కోట్లు పలుకుతాంది. టెస్టింగ్ ఖర్చులు పెట్టుకునేటోళ్ళు లేక ఆగిపోయింది.”

నేతగాడు నవ్వి కొట్టిపారేయలేదు. ఎందుకు కొట్టిపారేయలేదో అర్థం కావాలంటే ఈ నేల కథ కొంత తెలియాలి. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం వదిలి పెనుకొండకు చేరాడు. ఐదువందల యాభై ఏనుగుల మీద ధనరాశులు తరలించాడని 1900లో రాబర్ట్ సూయెల్ రాసిన విజయనగర చరిత్రలో ఉంది. ఆ ఏనుగుల మాట వినని మనిషి ఈ చుట్టుపక్కల ఉండడు. ఆ ధనమంతా ఏమైందన్న ప్రశ్న నాలుగున్నర శతాబ్దాలుగా ఊళ్ళ రచ్చబండల మీద నలుగుతూనే ఉంది. గుప్తనిధుల కోసం రాత్రిళ్ళు గుళ్ళ దగ్గర గోతులు తవ్వే ముఠాల వార్తలు రాయలసీమ పేపర్లకు కొత్త కాదు.

దానికి తోడు భద్రాచలం. రామదాసు చెర విడిపించడానికి రామలక్ష్మణులే తానీషా దగ్గరికి వచ్చి రామమాడలు చెల్లించారన్న కథ తెలుగువాళ్ళు ఉగ్గుపాలతో వింటారు. రాముడి బొమ్మ ఉన్న నాణెం అంటే మన మనసులో సగం నమ్మకం ముందే సిద్ధంగా ఉంటుంది. మోసగాడు మిగిలిన సగం తెచ్చుకుంటే చాలు.

మరుసటి వారం హిందూపురంలో, బస్టాండు దగ్గరి హోటల్లో ఏజెంటును కలిశారు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, మాట నెమ్మది. ఆయన డబ్బు అడగలేదు. మొదటిసారి కలిసినప్పుడు వీళ్ళు ఎప్పుడూ అడగరు. “మీకు నమ్మకం ఉంటేనే రాండి. బలవంతమేం లేదు. రామకార్యం ఇది” అన్నాడు. తర్వాత ఇంకో మాట చేర్చాడు. “ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. కలెక్టరాఫీసుకు తెలిస్తే వస్తువు పట్టుకుపోతారు. పోలీసులకు తెలిస్తే మనమందరమూ లోపలికే.”

ఈ మోసం మొత్తంలో ఆ ఒక్క మాటే అసలు పనిముట్టు అని నా నమ్మకం. బియ్యం ఎగరడం చూసేవాళ్ళకు వేడుక, అంతే. ఈ మాట విన్న క్షణం నుంచి ఎదుటి మనిషి తానూ ఒక నేరంలో ఉన్నాననుకుంటాడు. రేపు నష్టపోయినా నోరు విప్పడు.

మొదట యాభై వేలు, వస్తువు ‘చూపుడు ఖర్చు’ కింద. పెనుకొండ లాడ్జిలో బియ్యం ఎగిరిన రాత్రి రెండున్నర లక్షలు, ‘సైంటిస్టు ఫీజు’. చీటీ డబ్బు అక్కడికి సరిపోయింది. పది రోజుల తర్వాత ఇంకో మూడు లక్షలు. ఢిల్లీ నుంచి సర్టిఫికెట్ రావాలన్నారు, రేడియేషన్ తగలని బట్టలు అద్దెకు తేవాలన్నారు. ఆ మూడు లక్షల కోసం భార్య గాజులూ నెక్లెసూ ధర్మవరంలోనే తాకట్టుకు పోయాయి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నారు. అందులో నాణెం అన్న మాట లేదు, ‘పురాతన వస్తువు’ అని ఉంది. సంతకాలు కింద ఉన్నాయి, అడ్రసులు లేవు.

చివరిసారి కలిసినప్పుడు బిళ్ళను సీసపు పెట్టెలో పెట్టి, టేపు చుట్టి నేతగాడి చేతిలోనే పెట్టారు. “కొనే ఫారిన్ కంపెనీ వాళ్ళు ఇరవై ఒక్క రోజుల్లో వస్తారు. అంతవరకు మీ దేవుడి గూట్లో ఉంచండి. తెరిస్తే పవర్ పోతాది, కళ్ళు కూడా పోతాయి” అన్నారు. వస్తువు మన దగ్గరే ఉందన్న ధైర్యంతో మనిషి నిద్రపోతాడు. ఆ ఇరవై ఒక్క రోజులూ వాళ్ళు పారిపోవడానికి తీసుకున్న గడువు.

* * *

పెట్టె తెరిచింది భార్య. ఇరవై రెండో రోజు ఏజెంటు ఫోను మోగలేదు. ఇరవై ఐదో రోజు ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అంది. అప్పుడు మొగుడు చెప్పాడు, గాజులు పాలిష్‌కు పోలేదని. ఆమె ఏడవలేదు. దేవుడి గూట్లోంచి పెట్టె తీసి, కత్తిపీట మొనతో టేపు కోసింది. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఇది రాగేనా?”

“రాగే. పిడుగు పడిన రాగి. ఇరీడియం చేరిండాదంట.”

“ఇన్నేండ్లుగా రాగి చెంబుతో ఎసరు పోసి బియ్యం కడుగుతాండా. చెంబుకు ఎప్పుడన్నా గింజ అంటుకునిందా?”

మర్నాడు ఆ ఇద్దరూ ప్యాసింజరు రైలెక్కి హిందూపురం వెళ్ళారు. ఆమె పుట్టింటివాళ్ళకు తరాలుగా నగలు చేసే ఆచారి ఒకాయన అక్కడ ఉన్నాడు. వయసు డెబ్భై దాటింది. చూపు తగ్గినా భూతద్దం కంటికి ఆనించుకున్నాడంటే చేతి వణుకు ఆగిపోతుంది.

ఆయన బిళ్ళను ముట్టుకోకముందే కాటా ముందుకు జరిపాడు. ముప్పై ఒక్క గ్రాములు తూగింది. తర్వాత చెక్కపెట్టె అడుగున వెతికి గుడ్డమూటలోంచి ఒక పాత రాగి నాణెం తీశాడు. తాతల నాటిది. అరిగినా అక్షరాలు నిలిచాయి. ఒకవైపు డాలు, దానికి అటూ ఇటూ సింహాలు, కింద 1835. రెండోవైపు ఆకుల దండ నడుమ విలువ, చుట్టూ కంపెనీ పేరు. తూస్తే పన్నెండున్నర గ్రాములకు కొంచెం పైన.

“ఇదీ కంపెనీ అర్ధణా. మీదీ అర్ధణానే అంటున్నారు. రెండింతలకు పైన బరువు ఎట్లొచ్చింది నాయనా? ఆ కాలంలో రాగిని అట్ల పారబోసుకునేటోళ్ళా?”

ఆచారి వేలు పెట్టిన చోటే అసలు విషయం ఉంది. 1835 నాణేల చట్టం ప్రకారం అర్ధణాకు రెండు వందల గ్రెయిన్ల రాగి, అంటే పన్నెండు గ్రాముల తొంభై అయిదు సెంటీగ్రాములు. కానీకి అందులో సరిగ్గా సగం. నూట ఎనభై గ్రెయిన్ల రూపాయి సరిగ్గా తులం, అందుకే మన కంసాలులు ఎన్నో ఏళ్ళు రూపాయి బిళ్ళనే తులం రాయిగా వాడారు. టంకసాలలో బరువు తప్పడం అంటే మాటలు కాదు. వాడకంలో అరిగి తగ్గొచ్చు గానీ, నాణెం పెరగడం ఎక్కడా ఉండదు.

తర్వాత భూతద్దం. ఆచారి రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి, ఆమెనే చూడమన్నాడు. పాతదాని మీద అక్షరాల అంచులు కోసినట్టు నిటారుగా ఉన్నాయి. ఉక్కు అచ్చుల మధ్య రాగి రేకును పెట్టి బలంగా గుద్దితే లోహం అచ్చు మూలమూలలకూ పోతుంది, అంచు పదునుగా వస్తుంది. రెండోదాని అక్షరాలు అరిగిన సబ్బు మీది పేరులాగా మెత్తగా, ఉబ్బుగా ఉన్నాయి. అక్షరాల నడుమ ఖాళీలో సూదిమొన పట్టేంత గుంటలు. కరిగిన లోహం మూసలో చల్లారేటప్పుడు లోపలి గాలి బుడగలు వదిలిన గుర్తులవి. అంచు చుట్టూ వేలు పోనిస్తే ఒకచోట సన్నని గీత తగిలింది. రెండు పోత ముక్కలు కలిసిన అతుకును ఆకురాయితో అరగదీశారు గానీ పూర్తిగా పోలేదు.

“అరుగుదల చూడమ్మా” అన్నాడు ఆచారి. నిజంగా చేతులు మారిన నాణెం ముందుగా ఎత్తుగా ఉన్నచోట అరుగుతుంది. ఆయన అర్ధణాలో సింహాల ముఖాలు అరిగాయి, వాటి కాళ్ళ సందుల్లో మాత్రం పాత నలుపు గట్టిగా పేరుకుని ఉంది. రామటెంకి మీద సీతమ్మ ముక్కు, సింహాసనం అడుగున పువ్వు, రెండూ ఒకే నలుపు. ఆచారి దూది మీద నిమ్మరసం పిండి ఒక మూల రుద్దాడు. నలుపు దూదికి వచ్చేసింది, కింద కొత్త రాగి ఎర్రగా బయటపడింది. తన అర్ధణాను మాత్రం నిమ్మకాయకు దూరంగా జరిపాడు. పాత రాగి నాణేన్ని చింతపండుతోనో నిమ్మతోనో తోమితే దాని విలువ అక్కడితో పోతుంది. ఇంట్లో నిజంగా పాతవి ఉన్నవాళ్ళు ఈ ఒక్క జాగ్రత్త తప్పక తీసుకోవాలి.

చివరికి ఆకురాయి. అంచు మీద నాలుగుసార్లు గట్టిగా గీశాడు. పైన వెంట్రుకవాసి రాగి. దాని కింద బూడిదరంగు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని పల్చటి బిళ్ళగా చేసి ఆ రెండు రాగి పోత ముక్కల నడుమ పెట్టి మూసేశారు.

నేతగాడు లాడ్జి నుంచి ప్రసాదంలా కాగితంలో కట్టుకొచ్చిన బియ్యం జేబులోనే ఉన్నాయి. ఆచారి వాటిని తెల్లకాగితం మీద పోసి భూతద్దం పెట్టాడు. గింజలకు సన్నని నల్లపొడి అంటుకుని ఉంది. జిగురు నీళ్ళలో ఇనుప రజను కలిపి, అందులో బియ్యం తడిపి ఆరబెట్టారు. అయస్కాంతానికి ఇనుము అంటుకుంది, ఇనుముతో పాటు గింజ వచ్చింది. ఆచారి అంగట్లోంచి మామూలు బియ్యం తెప్పించి ఆ బిళ్ళ మీద పోశాడు. ఒక్క గింజా అంటుకోలేదు.

నేతగాడు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

* * *

ఆచారికి తెలిసింది లోహం. మిగతాది చరిత్ర చెబుతుంది. అది లోహం కన్నా గట్టి సాక్ష్యం. ఎందుకంటే రేపు ఇంకో ముఠా మూస పోత మానేసి మంచి అచ్చుతో, సరైన బరువుతో, అయస్కాంతం లేకుండా బిళ్ళలు తయారు చేయొచ్చు. భూతద్దం ఓడిపోయే రోజు రావచ్చు. అప్పుడూ నిలిచేది ఒక్కటే: ఈస్ట్ ఇండియా కంపెనీ 1818లో రాముడి బొమ్మతో అర్ధణా వేయనే లేదు. హనుమంతుడితోనూ వేయలేదు, తామరపువ్వు, ఓంకారాలతోనూ వేయలేదు. 1616, 1717, 1839 అంటూ వేరే సంవత్సరాలతో తిరిగే బిళ్ళల సంగతీ ఇంతే. ఇది అసలుకు నకలు కాదు. దీనికి అసలే లేదు.

1818లో ఈ ప్రాంతంలో ఏ నాణేలు నడిచేవో చూస్తే ఆ సంవత్సరం ఎంత తప్పో తెలుస్తుంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చిన ఈ దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. మద్రాసు లెక్కల్లో ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక వరహా. 1818 చరిత్రలో నిలిచింది వేరే కారణానికి: ఆ ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలో వరహాను పక్కనబెట్టి వెండి రూపాయిని ప్రామాణిక నాణెంగా చేశారు, వంద వరహాలకు మూడు వందల యాభై రూపాయల చొప్పున. దేశమంతటా కంపెనీ ఒకే తీరు నాణేలు వేసింది 1835 నుంచే.

కంపెనీ దేవుడి బొమ్మలు వేయలేదా అంటే, వేసింది. ఈ సంగతి దాచితే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. మన జనం దేవుడు లేని వరహాను నమ్మరని వాళ్ళకు తెలుసు. మద్రాసు టంకసాలలో ముగ్గురు దేవతామూర్తులున్న బంగారు వరహాలు వేశారు. ఇంగ్లీషువాళ్ళు స్టార్ పగోడా అన్న వరహా మీద ఒకవైపు విష్ణువు, రెండోవైపు నక్షత్రం. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో వేసిన వెండి అరవరహా మీద గాలిగోపురం, చుట్టూ నక్షత్రాలు, రెండోవైపు విష్ణుమూర్తి ఉంటాయి. దాని మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ బంగారం, వెండి. మ్యూజియాల్లో ఉన్నాయి, నాణేల పుస్తకాల్లో తూకాలతో సహా నమోదై ఉన్నాయి. రాముడి అర్ధణా ఏ టంకసాల లెక్కలోనూ లేదు.

మరి రామటెంకి అన్నదే అబద్ధమా? కాదు. రాముడు, సీత కలిసి ఉన్న నాణేన్ని 1604-05లో అక్బరే వేయించాడు. ఆ తర్వాతి కాలంలో దేశమంతటా కంసాలులు వెండితో, ఇత్తడితో, అరుదుగా బంగారంతో రామటెంకెలు చేసి అమ్మారు. ఒకవైపు పట్టాభిషేకం, రెండోవైపు విల్లంబులతో రామలక్ష్మణులు, చుట్టూ నాగరి లిపిలో వాళ్ళ పేర్లూ హనుమంతుడికి జై కొట్టే మాటా. యాత్రకు పోయినవాళ్ళు కొని తెచ్చి పూజలో పెట్టుకున్నారు. బజారులో చెల్లే డబ్బు కాదది, భక్తికి గుర్తు. వాటిలో నిజంగా పాతవి కూడా ఉన్నాయి, వాటికి విలువా ఉంది. అయితే ఆ విలువ పనితనానికీ లోహానికీ వయసుకీ కట్టేది. బియ్యం లాగడానికి కాదు. ఈనాడు యాత్రాస్థలాల్లో పూజాసామాను దుకాణాల్లో దొరికే కొత్త రాగి బిళ్ళలు కూడా దేవుడి గూట్లో పెట్టుకోవడానికి చక్కగా పనికొస్తాయి. అమ్మేవాడు కొత్తదని చెప్పి అమ్మినంతవరకు అందులో తప్పేమీ లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. రాముడి బొమ్మ ఉన్న అసలైన రాజనాణెం ఒకటి పెనుకొండదే. ఏ తిరుమలరాయల ఏనుగుల కథ నేతగాడిని లాడ్జి దాకా నడిపించిందో, ఆ తిరుమలరాయలు వేయించిన బంగారు వరహా మీద సీతారాములు కూర్చుని ఉంటారు, పక్కన లక్ష్మణుడు నిలబడి ఉంటాడు. వెనకవైపు నాగరి లిపిలో మూడు వరసల్లో రాజు పేరు. కృష్ణదేవరాయల బాలకృష్ణుడు, అచ్యుతరాయల గండభేరుండం, సదాశివరాయల లక్ష్మీనారాయణులు, ఆ వరసలోనే పెనుకొండ రాముడు. బరువు మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ. చూపుడువేలి గోరంత ఉంటుంది. ఆ గోరంత బంగారం మీద ముగ్గురు మూర్తుల్ని చెక్కిన పనివాడు మన నేల మీద పుట్టాడు. ఆ వరహా ఎంత ఉంటుందో, ఎలా ఉంటుందో మన పిల్లలకు బడిలో ఒక్కసారి బొమ్మలోనైనా చూపించి ఉంటే, అరచేయంత రాగి బిళ్ళను చూసి ఎవరూ చేతులు జోడించరు.

ఇరీడియం సంగతీ చెప్పుకోవాలి, ఈ మోసంలో ఎక్కువగా వాడే పేరు అదే కాబట్టి. అది నిజంగా ఉన్న లోహమే. 1803లో లండన్‌లో స్మిత్‌సన్ టెనంట్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని కనిపెట్టాడు. కరగాలంటే రెండు వేల నాలుగు వందల డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. రాగి వెయ్యిన్నీ ఎనభై అయిదు డిగ్రీలకే నీరవుతుంది. ఏ కమ్మరి కొలిమిలోనూ, ఏ పిడుగుపాటుకూ రాగిలోకి ఇరీడియం చేరదు. అన్నిటికన్నా పెద్ద మాట, ఇరీడియం అయస్కాంతం కాదు. బియ్యం సంగతి అటుంచి గుండుసూదిని కూడా లాగదు. ‘నాసా కొంటుంది’ అని చెప్పి ఢిల్లీలో ఒక బట్టల వ్యాపారి దగ్గర కోటి రూపాయల పైన లాగిన తండ్రీకొడుకుల్ని 2018లో పోలీసులు పట్టుకున్నారు. అక్కడా తెల్ల కోట్లు, రేడియేషన్ బట్టలు, టెస్టింగ్ ఫీజులే.

* * *

హిందూపురం నుంచి తిరిగొచ్చాక నేతగాడు చాలా రోజులు మగ్గం గుంతలోకి దిగలేదు. స్టేషనుకు పోదామంటే వద్దన్నాడు.

“పోయి ఏం చెప్పేది? నిధి వస్తువు దొంగగా అమ్మబోయినానని చెప్పాల్నా? నన్నే లోపలేస్తారు.”

“నిధి యాడుంది? స్పీకరు ముక్క అది. నువ్వు అమ్మింది లేదు, కొన్నది లేదు. డబ్బు పోగొట్టుకున్నావు. అంతే చెప్పు” అంది ఆమె.

ఆమెకు చట్టం చదువు లేదు. అయినా ఆమె చెప్పిందే సరైన మాట. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువ మించిన పాత ధనం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దొరికినవాడికీ భూమి యజమానికీ వాటా గురించి కూడా ఆ చట్టంలోనే ఉంది. చెప్పినవాడికి భయం లేదు, దాచినవాడికే శిక్ష. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువునూ నాణేన్నీ ప్రైవేటు మనిషి ఎవరూ విదేశాలకు పంపకూడదు. పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అంటే ‘ఫారిన్ కంపెనీ కోట్లు పెట్టి కొనుక్కుపోతుంది’ అన్న మాట, ఒకవేళ వస్తువు అసలైనదే అయినా, నేరం చేద్దాం రమ్మని పిలవడమే. లైసెన్సున్న వ్యాపారి రాత్రి పదింటికి లాడ్జికి రమ్మనడు. కొనేవాడు టెస్టింగ్ ఖర్చు అమ్మేవాడి దగ్గరో మధ్యలోవాడి దగ్గరో వసూలు చేయడు. పాత నాణేలు, నోట్లు కొంటామని తమ పేరు వాడుకుని కమిషన్లు, పన్నులు వసూలు చేసే మోసాలు నడుస్తున్నాయని, తాము అలాంటి వ్యవహారమేదీ చేయమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో జనానికి చెప్పింది.

చివరికి ఆమె పోరు పడలేక మొగుడు కదిలాడు. స్టాంపు కాగితం, సీసపు పెట్టె, అంచు గీసిన బిళ్ళ, కాగితంలో కట్టిన ఇనుప బియ్యం, డబ్బు ఏ రోజు ఎంత ఇచ్చిందీ పిల్లల నోటుబుక్కులో రాసిన లెక్క, అన్నీ పట్టుకుని స్టేషనుకు పోయారు. ఫిర్యాదు రాసుకున్నారు. డబ్బు తిరిగి రాలేదు. అగ్రిమెంటు మీద ఉన్న పేర్లతో ఆ ఊళ్ళలో ఎవరూ లేరు. నగలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. ఆమె ఇప్పుడు రెండో మగ్గం మీద తనే కూర్చుంటోంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో నిజంగా పాత నాణేలుంటే తోమకండి, కాగితంలో చుట్టి పెట్టండి, అనంతపురంలోని జిల్లా పురావస్తు మ్యూజియంలో చూపించి సంగతి తెలుసుకోండి. రాముడున్న రాగి బిళ్ళ ఉంటే పూజలో ఉంచుకోండి. దానికి కోట్లిస్తామని ఎవరొచ్చినా ఒక్క రూపాయి కట్టకండి. ఇప్పటికే కట్టి, పరువు పోతుందనో కేసు మీద పడుతుందనో ఇంట్లో కూడా చెప్పుకోలేక కుమిలిపోతున్నవాళ్ళు ఉంటే, దయచేసి దగ్గరి స్టేషనుకు వెళ్ళండి. డబ్బు ఫోనులో పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. మోసం చేయడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం. మోసపోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు.